పెద్దవాళ్లకు మోడల్ రైల్వే ఎందుకు అంతగా నచ్చుతుంది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది: మీవారికి నలభై ఆరేళ్లు, బ్యాంకులో ఉద్యోగం. ఏడాది నుంచి ఇంట్లో ఖాళీగా ఉన్న గదిలో ప్లైవుడ్ బల్ల వేసి, దాని మీద చిన్న పట్టాలు పరుస్తున్నారు. ఆదివారమంతా అక్కడే. జర్మనీ నుంచి తెప్పించిన ఇంజిన్‌ను పిల్లల్ని ముట్టుకోనివ్వరు. "బొమ్మ రైలు గుండ్రంగా తిరుగుతుంటే పెద్ద మనిషికి ఏం దొరుకుతుంది? ఆఫీసు టెన్షన్ నుంచి పారిపోవడమా ఇది? నేను కంగారు పడాలా?" అని అడిగారు.

కంగారు పడక్కర్లేదండి. రైలు గుండ్రంగా తిరగడం చూడటానికి ఎవరూ ఏళ్ల తరబడి ఈ పని చేయరు. ఆ ముచ్చట వారం పది రోజుల్లో తీరిపోతుంది. ఆ తర్వాత కూడా మనిషి ఆ గదిలోకి వెళ్తున్నాడంటే కారణం వేరే. ఒక స్టేషన్నో, వంతెననో, ఘాట్ సెక్షన్నో క్షుణ్ణంగా తెలుసుకుని తన చేతులతో మళ్లీ కట్టే పని అది. ఒక చోటును అంత శ్రద్ధగా చూసే అవకాశం ఉద్యోగం చేసుకునేవాళ్లకు ఇంకెక్కడా సులువుగా దొరకదు. నేను చాలా ఏళ్లుగా ఇదే పనిలో ఉన్నాను. సికింద్రాబాద్‌లో మాకో చిన్న బృందం ఉంది. అందులో పళ్ల డాక్టరున్నారు, సాఫ్ట్‌వేర్ వాళ్లున్నారు, రిటైరైన రైల్వే గార్డు ఒకరున్నారు. వాళ్లందరినీ దగ్గర నుంచి చూసి చెబుతున్నాను.

స్కేలు లెక్కతో మొదలుపెడతాను. ఈ పనిలో అసలు ఆకర్షణ మొదలయ్యేది అక్కడే. ప్రపంచంలో ఎక్కువమంది వాడేది హెచ్‌ఓ స్కేలు. అంటే అసలు రైలులో 87వ వంతు, పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. చోటు తక్కువున్నవాళ్లు ఎన్ స్కేలుకు వెళ్తారు. అది 160వ వంతు, పట్టాల మధ్య 9 మిల్లీమీటర్లు. చెన్నై ఐసీఎఫ్ కర్మాగారంలో తయారైన మన నీలం రంగు బోగీ, రెండు చివర్లా ఉండే బఫర్లతో కలిపి 22.3 మీటర్లుంటుంది. హెచ్‌ఓలో అది 25.6 సెంటీమీటర్లు. బాగానే ఉంది కదా అనిపిస్తుంది. కానీ 24 బోగీల ఎక్స్‌ప్రెస్ కావాలంటే, ఇంజిన్ లేకుండానే ఆరు మీటర్లు దాటుతుంది. పన్నెండు అడుగుల గదిలో ఆ రైలు తిన్నగా పట్టదు, మలుపులు తిప్పుకుంటూ గోడల వెంట పరుచుకుంటుంది.

రాజమండ్రిలో 1997లో వచ్చిన ఆర్చి వంతెన చేద్దామనుకుందాం. పొడవు దాదాపు 2.7 కిలోమీటర్లు, ఒక్కో ఆర్చి 97 మీటర్ల పైన. హెచ్‌ఓలో ఒక్క ఆర్చే మీటరు దాటుతుంది, మొత్తం వంతెన ముప్ఫై మీటర్లు దాటుతుంది. ఏ ఇంట్లోనూ పట్టదు. కాబట్టి మూడో నాలుగో ఆర్చీలతోనే చూసినవాళ్లు "ఇది గోదావరి" అనాలి. అలా అనిపించేది ఏమిటి? ఆర్చీల వంపా? ఎండాకాలం తేలే ఇసుక మేటలా? పక్కన పాత హేవ్‌లాక్ వంతెన రాతి స్తంభాలా? వరద రోజుల్లో ఎర్రబారే నీళ్లా? ఏది ఉంచాలి, ఏది వదిలేయాలి అన్న నిర్ణయమే ఈ కళలో సగం. ఆ నిర్ణయం తీసుకోవాలంటే ఆ చోటు గురించి నిజంగా ఆలోచించాలి. వేల సార్లు ఆ వంతెన దాటినవాళ్లు కూడా అంతవరకు ఆలోచించి ఉండరు.

ఇక్కడ మన దేశంలో చేసేవాళ్లకు ఒక ప్రత్యేకమైన చిక్కుంది. హెచ్‌ఓ పట్టా ఐరోపా, అమెరికాల్లోని 1435 మిల్లీమీటర్ల గేజికి తగ్గట్టు వచ్చింది. మన బ్రాడ్‌గేజి 1676 మిల్లీమీటర్లు. 87వ వంతు చేస్తే పట్టాల మధ్య 19.3 మిల్లీమీటర్లు రావాలి. బజార్లో దొరికే పట్టా దానికన్నా దాదాపు మూడు మిల్లీమీటర్లు ఇరుకు. ఎక్కువమంది ఆ తేడాను పట్టించుకోకుండా మన ఇంజిన్లను ఆ పట్టాల మీదే నడుపుతారు, అందులో తప్పేమీ లేదు. కొందరు మాత్రం ఊరుకోలేక పట్టా తామే వేసుకుంటారు, చక్రాల ఇరుసులు మారుస్తారు. మా పళ్ల డాక్టరు గారు ఈ రెండో రకం. ఆయన దగ్గరున్న సన్నటి డ్రిల్లు ముక్కలు, పట్టకార్లు చూస్తే మాకు అసూయ.

నేను ఈ చిక్కు నుంచి వేరే దారిలో బయటపడ్డాను. శ్రీకాకుళం జిల్లా నౌపడ నుంచి టెక్కలి, పాతపట్నం, పర్లాకిమిడి మీదుగా గుణుపూర్ వెళ్లే లైను మీకు తెలిసే ఉంటుంది. పర్లాకిమిడి రాజావారు వేయించిన ఆ లైను 1900లో మొదలైంది, 1931 నాటికి గుణుపూర్ చేరింది. ఇప్పుడు బ్రాడ్‌గేజి. కానీ మొదటి వందేళ్లూ అది రెండున్నర అడుగుల నేరోగేజి, 762 మిల్లీమీటర్లు. 87వ వంతు చేయండి: 8.76. ఎన్ స్కేలు పట్టా 9 మిల్లీమీటర్లు! అంటే ఎన్ పట్టా, ఎన్ ఇంజిన్ల అడుగుభాగం తీసుకుని, పైన హెచ్‌ఓ కొలతలో పెట్టె కడితే మన నేరోగేజి రైలు కంటికి ఏ లోటూ లేకుండా వచ్చేస్తుంది. పైగా ఆ రైళ్లు పొట్టివి, మలుపులు బిగువైనవి. ఐదడుగుల బల్ల మీద ఒక స్టేషన్ మొత్తం పడుతుంది.

ఆ లైనులో ఒక చిన్న స్టేషన్ కట్టడం మొదలుపెట్టాక నా ముందుకు వచ్చిన ప్రశ్నలు వినండి. ప్లాట్‌ఫాం ఎంత ఎత్తు, అసలు ఉందా, లేక జనం నేల మీద నుంచే ఎక్కేవారా? ఇంజిన్ నీళ్లు ఎక్కడ పట్టుకునేది? పట్టాల కింద అడ్డంగా వేసే దిమ్మెలు, అదే స్లీపర్లు, చెక్కవా, ఇనుపవా? బోర్డు మీద తెలుగు, ఒడియా, హిందీ, ఇంగ్లిష్‌లలో ఏ లిపి ఏ వరసలో ఉండేది? పైకప్పు బంగాళా పెంకా, నాటు పెంకా? వీటికి పుస్తకాల్లో జవాబులు తక్కువ. పాత ఫొటోలు వెతకాలి, ఆ ఊళ్ల పెద్దవాళ్లను అడగాలి. స్టేషన్ ముందున్నది వేపచెట్టని ఒకాయన, కాదు రావిచెట్టని ఇంకొకాయన. ఇద్దరూ దాని నీడలోనే రైలు కోసం కూర్చున్నవాళ్లు. మాట్లాడుతూ మాట్లాడుతూ చెట్టు సంగతి వదిలేసి, ఆ రైల్లో ఎవరెవరు వెళ్లేవారు, సంతకు ఏమేం తీసుకెళ్లేవారు అన్నదాంట్లోకి వెళ్లిపోయారు. నాకు అది చెట్టు కన్నా విలువైన సమాచారం. బోగీ కిటికీలో ఎవర్ని కూర్చోబెట్టాలో, ప్లాట్‌ఫాం మీద ఏ గంపలు పెట్టాలో దాన్ని బట్టే తేలింది.

ఇక నేల, చెట్లు. ఐరోపా కంపెనీలు అమ్మే గడ్డి పొడి మన కంటికి మరీ పచ్చగా ఉంటుంది, చెట్లేమో ఎక్కువగా దేవదారు లాంటి రకాలు. ఉత్తరాంధ్ర నేలకు ఎర్రమట్టి కావాలి. నిజమైన మట్టినే తెచ్చి, ఎండబెట్టి, టీ వడకట్టే జల్లెడలో జల్లించి, ఫెవికాల్‌ను నీళ్లలో కలిపి దాని మీద పోస్తాం. ఆ నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చుక్క వేస్తే జిగురు ఉండ కట్టకుండా లోపలికి ఇంకుతుంది. మన తాటిచెట్టు కావాలంటే చేసుకోవాల్సిందే. వెదురు పుల్లకు దారం చుట్టి, రంగు వేసి, కాగితాన్ని విసనకర్రలా మడిచి ఆకులు కత్తిరించాలి. ముదురు తాడి మొదలు దగ్గర లావుగా ఉంటుందని, లేత తాడికి మట్టల మొదళ్లు మాను చుట్టూ అలాగే మిగిలి ఉంటాయని నేను చిన్నప్పటి నుంచి చూస్తూనే ఉన్నాను. గమనించింది మాత్రం చేయడానికి కూర్చున్నప్పుడే. ఈ పనిలో ఉన్నవాళ్లందరికీ ఇది అనుభవమే. తర్వాత రైలెక్కి కిటికీ పక్కన కూర్చుంటే బయట కనిపించే ప్రతిదీ కొత్తగా ఉంటుంది.

మాయమైపోతున్నదాన్ని పట్టి ఉంచాలన్న కోరిక కూడా ఇందులో చాలా బలమైనది. ఇంగ్లండ్‌లో పెండన్ అనే మ్యూజియం ఉంది, ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని లాంగ్ విటెన్‌హామ్ అనే ఊళ్లో. దాని మూలపురుషుడి పేరు రాయ్ ఇంగ్లండ్, ఆయన ఆస్ట్రేలియా మనిషి. 1925లో ఇంగ్లండ్ వచ్చి, వైట్ హార్స్ లోయలోని పల్లెల్లో పాత గడ్డి కప్పుల ఇళ్లు తన కళ్ల ముందే మారిపోవడం చూశాడు. ఆ పల్లెలు 1930ల నాటికి ఎలా ఉండేవో అలాగే 76వ వంతు కొలతలో కట్టడానికి జీవితం పెట్టాడు. అసలు ఇళ్లను కొలతలు తీసుకుని, మందపాటి కాగితం మీద ఇటుక ఇటుకకూ గీతలు గీసి రంగులు వేశారు. ఆయన తర్వాత కూడా స్వచ్ఛందంగా వచ్చేవాళ్లు ఆ పని కొనసాగిస్తున్నారు. మన దగ్గర మీటర్‌గేజి, నేరోగేజి లైన్లు దాదాపు అన్నీ పోయాయి. వాటి మీద పనిచేసినవాళ్లు పెద్దవాళ్లవుతున్నారు. నాకు ఈ పని మీద ఉన్న పట్టుదలలో ఎక్కువ భాగం ఇక్కడి నుంచే వస్తుంది.

చరిత్ర, చెట్లు ఎవరికీ పట్టవనుకోండి, అప్పుడు కరెంటు ఉంది. మీవారు ఏదో ఒక రోజు రాత్రి భోజనానికి పిలిస్తే పలక్కుండా ఒక లూపు దగ్గర కూర్చుని ఉంటారు, అందుకే ఇది చెబుతున్నాను. పట్టాల్లో ఒకదానికి ప్లస్, ఇంకోదానికి మైనస్. వచ్చిన రైలును అదే దారిన వెనక్కు పంపడానికి చివర్లో గుండ్రంగా లూపు వేస్తే, ఎడమ పట్టా తిరిగొచ్చి కుడి పట్టాకు తగులుతుంది, షార్ట్ అవుతుంది. లూపులో కొంత భాగాన్ని రెండు పట్టాలూ తెంచి విడదీసి, రైలు అందులో ఉండగానే ప్లస్ మైనస్‌లు మార్చాలి. రాత్రి నిద్ర పట్టనివ్వని లెక్క ఇది, తేలినప్పుడు కలిగే సంతోషమూ అంతే. ఇప్పుడు డీసీసీ అనే డిజిటల్ పద్ధతి ఉంది. ప్రతి ఇంజిన్‌లో ఒక డీకోడర్ చిప్, దానికో నంబరు. పట్టాల్లో కరెంటుతో పాటే ఆదేశాలు కూడా వెళ్తాయి కాబట్టి ఒకే లైను మీద రెండు ఇంజిన్లను వేర్వేరు వేగాలతో నడపవచ్చు. మా సాఫ్ట్‌వేర్ మిత్రుల్లో ఒకరికి రైళ్ల మీద పెద్ద ఇష్టం లేదు. ఆయన సిగ్నళ్ల కోసమే వస్తారు. ఇది కొత్త సంగతి కూడా కాదు. అమెరికాలో ఎంఐటీ అనే సాంకేతిక విశ్వవిద్యాలయం విద్యార్థులు 1946లో పెట్టుకున్న మోడల్ రైల్వే క్లబ్బులో బల్ల పైన రైళ్లను ప్రేమించేవాళ్లు ఒక వర్గం, బల్ల కింద టెలిఫోన్ రిలేలతో, అంటే కరెంటుతో పనిచేసే స్విచ్చులతో, స్విచ్చింగ్ నడిపేవాళ్లు ఇంకో వర్గం. ఆ రెండో వర్గం నుంచే తొలితరం కంప్యూటర్ హ్యాకర్లు వచ్చారు. హ్యాకర్లంటే ఇక్కడ దొంగలు కాదు, కంప్యూటర్లతో లోతుగా ప్రయోగాలు చేసే నేర్పరులు.

ఇంక నడపడం. బయటివాళ్లకు కనిపించనిది ఇదే. అనుభవం ఉన్నవాళ్లు రైలును ఊరికే తిప్పరు, పని చేయిస్తారు. ఇంగ్లండ్‌లో అలన్ రైట్ అనే ఆయన పెట్టిన ఇంగిల్‌నుక్ అనే షంటింగ్ లెక్క, అంటే వ్యాగన్లను అటూ ఇటూ మార్చి పేర్చే లెక్క, ఉంది. మూడు సైడింగులు, అంటే బండ్లు నిలిపే పక్క పట్టాలు, ఒకదాంట్లో ఐదు వ్యాగన్లు పడతాయి, మిగతా రెండింట్లో మూడేసి. మొత్తం ఎనిమిది వ్యాగన్లు. చీట్లు తీసి, వచ్చిన ఐదు వ్యాగన్లను వచ్చిన వరసలోనే పొడవాటి సైడింగులో నిలబెట్టాలి. ఇంతే. కానీ అలా వచ్చే వరసలు 6,720. నాలుగైదు అడుగుల పలక చాలు. చదరంగం ఇష్టపడేవాళ్లకు ఇది తప్పకుండా నచ్చుతుంది. మా బృందంలో కలిసి నడిపే రోజున టైమ్‌టేబుల్ ఉంటుంది, ఒకరు స్టేషన్ మాస్టరు, ఒకరు డ్రైవరు. సింగిల్ లైను మీద టోకెన్, అంటే వెళ్లడానికి అనుమతి గుర్తు, లేకుండా బండి కదలకూడదు. రిటైరైన గార్డు గారు పక్కన కూర్చుని, జెండా చూపకుండా బండి కదిలితే ఇప్పటికీ ఒప్పుకోరు. ఉద్యోగం మానేశాక ఆయన అనుభవాన్ని అంత శ్రద్ధగా వినేవాళ్లు దొరికింది ఆ గదిలోనే.

అందరూ ఇలా కట్టేవాళ్లూ నడిపేవాళ్లే అనుకోకండి. కొందరు సేకరిస్తారు, పెట్టె కూడా తెరవరు. నాకు ఆ దారి పట్టదు గానీ, వాళ్ల పరిజ్ఞానం ముందు నేను తలవంచుతాను. జపాన్‌లో ఇళ్లు చిన్నవి, కాబట్టి ఎన్ స్కేలు ఎక్కువ. గంటకు ఇంతని డబ్బు కట్టి, తమ రైళ్లు తెచ్చుకుని అక్కడ కట్టి ఉంచిన పెద్ద మోడల్ రైల్వే మీద నడుపుకునే దుకాణాలున్నాయి. ఆఫీసు బ్యాగుతో నేరుగా అక్కడికొచ్చేవాళ్లూ ఉంటారు. రాక్ గాయకుడు రాడ్ స్టువర్ట్ 1940ల నాటి అమెరికా నగరాన్ని హెచ్‌ఓలో కట్టడానికి ఇరవై ఏళ్లకు పైగా పట్టింది. కచేరీల కోసం ఊళ్లు తిరిగినప్పుడు హోటల్ గదిలో భవనాలు చేసుకునేవాడు. హాంబర్గ్‌లో 2001లో ఫ్రెడెరిక్, గెరిట్ బ్రౌన్ అనే కవల అన్నదమ్ములు మొదలుపెట్టిన మినియాటూర్ వుండర్‌లాండ్ అనే భారీ మోడల్ రైల్వే ప్రదర్శనకు పిల్లలతో వచ్చే పెద్దవాళ్లే ఎక్కువసేపు నిలబడిపోతారు. అంత దూరం అక్కర్లేదు, పుణెలో 1998 నుంచి జోషీ గారి మినియేచర్ రైల్వే మ్యూజియం ఉంది. ఒకసారి కుటుంబంతో వెళ్లి రండి. మీవారు మీకు నోటితో చెప్పలేకపోతున్నది అక్కడ కళ్లతో చూడొచ్చు.

మీరు ఆడవారు కాబట్టి ఇంకో మాట గుర్తు చేయొచ్చనుకుంటాను. సంక్రాంతికో దసరాకో బొమ్మల కొలువు పెట్టే ఇళ్లలో, మెట్ల పక్కన పళ్లెంలో మట్టి పోసి, ఆవాలో మెంతులో చల్లి, మొలకలతో పొలాలు చేసి, చెరువు, గుడి, సంత పెట్టడం చూసే ఉంటారు. అవి పెట్టేది పిల్లల కోసమని పేరే గానీ, రాత్రి పొద్దుపోయేదాకా కూర్చుని ఆ సంతలో కూరగాయల దుకాణం ఎక్కడుండాలా అని ఆలోచించేది అమ్మలూ అమ్మమ్మలే. ఆ ఆనందమే ఇక్కడ ఏడాది పొడవునా ఉంటుంది.

టెన్షన్ నుంచి పారిపోవడమా అన్నదానికి నా మాట: తేలికపడటం నిజం, పారిపోవడం కాదు. ఈ గదిలోనూ సమస్యలే ఉంటాయి. పట్టాలు చీలే పాయింటు దగ్గర బోగీ పట్టా తప్పుతుంది, వైరు ఎక్కడో తెగుతుంది. తేడా ఏమిటంటే ఇక్కడి సమస్యకు కారణం కళ్లెదుటే ఉంటుంది, వెతికితే దొరుకుతుంది, సరిచేస్తే సరైపోతుంది. బ్యాంకులో రోజంతా పైవాళ్ల టార్గెట్లతో, పక్కవాళ్ల సంతకాలతో పనిచేసేవారికి ఇది ఎంత పెద్ద సుఖమో ఆలోచించండి. కంగారు పడాల్సిన సందర్భాలు వేరే ఉన్నాయి. కొన్నవాటి ధర మీకు దాచడం, ఇంటి ఖర్చుల డబ్బు అటు మళ్లడం, మనుషులతో మాటలు తగ్గడం. ఇవి ఉంటే కూర్చుని మాట్లాడాలి. అది ఏ వ్యాపకానికైనా వర్తిస్తుంది.

డబ్బు గురించి నిజాయితీగా చెప్పాలి, ఇది చవకైన పని కాదు. మంచి హెచ్‌ఓ ఇంజిన్ ఐరోపాలోనే 200 యూరోల పైన ఉంటుంది, మన దగ్గరికి వచ్చేసరికి రవాణా, కస్టమ్స్ సుంకం కలుస్తాయి. కానీ ఖర్చంతా ఇంజిన్లలోనే. నేల, ఇళ్లు, చెట్లు దాదాపు ఇంట్లో దొరికేవాటితోనే అయిపోతాయి, ఎక్కువ గంటలు గడిచేది కూడా వాటి మీదే. నెలకింత అని ఇద్దరూ అనుకుని పెట్టుకుంటే గొడవ ఉండదు. మా బృందంలో ఎక్కువ ఇళ్లలో నడిచే పద్ధతి అదే. తేమ విషయం ఒకటి చూసుకోమనండి. మీది సముద్రం దగ్గరి ఊరైతే మామూలు ప్లైవుడ్ వానాకాలంలో వంగుతుంది. నీటికి తట్టుకునే మెరైన్ ప్లై వాడి, అడుగు భాగానికి కూడా రంగు వేయాలి. పని లేనప్పుడు పైన దుప్పటి కప్పాలి, పట్టాల మీద దుమ్ము చేరితే కరెంటు అందక ఇంజిన్ ఆగి ఆగి నడుస్తుంది.

పిల్లల్ని ముట్టుకోనివ్వకపోవడానికి కారణం ఉంది. ఆ ఇంజిన్‌కున్న చేతిపట్టీలు, నిచ్చెనలు వెంట్రుకంత సన్నగా ఉంటాయి, ఒక్కసారి విరిగితే అతకవు. అయితే పిల్లల్ని గది బయట ఉంచడం నాకు నచ్చదు. వాళ్లకు ఒక పాత ఇంజిన్, నాలుగు వ్యాగన్లు విడిగా ఇవ్వమనండి, చెట్లు చేసే పని అప్పజెప్పమనండి. ఎనిమిది తొమ్మిదేళ్ల పిల్లలు తాటాకులు మాకన్నా చక్కగా కత్తిరిస్తారు. మీరు కూడా ఆ ఇంగిల్‌నుక్ పలక ఒకటి అడిగి చేయించుకోండి, ఇద్దరూ ఆడవచ్చు.

వచ్చే ఆదివారం ఆ గదిలోకి వెళ్లి, "ఇది ఏ స్టేషన్?" అని అడిగి చూడండి. ఆయన దగ్గర జవాబుంటే కనీసం గంటసేపు వింటారు. ఇంకా ఏదీ అనుకోలేదంటే ఏ ఊరు, ఏ కాలం అంటే ఇష్టమో కనుక్కుని ఇక్కడే రాయండి. నేరోగేజి అయితే నా దగ్గరున్న కొలతలు, గీసుకున్న ప్లాన్లు పెడతాను. బ్రాడ్‌గేజి అయితే మా డాక్టరు గారిని అడిగి చెబుతాను.